పరిశోధన వ్యాసం ఎక్కడ ప్రచురించాలి? నాలుగు దారుల పోలిక, ఎంపిక సలహా

థీసిస్ సమర్పణకు ఆరు నెలల గడువు మిగిలి, చేతిలో ఒకే ఒక వ్యాసం సిద్ధంగా ఉన్న పరిశోధక విద్యార్థికి సాధారణంగా నాలుగు దారులు కనిపిస్తాయి. రెండు మూడు వేల రూపాయలు కడితే వారంలో వేసిపెడతామని ఈమెయిల్ పంపిన జర్నల్ మొదటిది. అంతర్జాతీయంగా పేరుండి, లక్ష రూపాయలకు పైగా ప్రచురణ రుసుము అడిగే ఓపెన్ యాక్సెస్ జర్నల్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగేది, రెండోది. రచయిత దగ్గర గాని పాఠకుడి దగ్గర గాని పైసా తీసుకోకుండా అకాడమీలు, ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు నడిపే జర్నల్ మూడోది. చందా కట్టిన గ్రంథాలయాల్లో మాత్రమే చదవడానికి దొరికే సంప్రదాయ జర్నల్ నాలుగోది. ఏ దారి ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ ఏమి పోగొట్టుకుంటాం అన్నది ఈ వ్యాసంలో పోల్చి చూద్దాం.

మా విభాగంలో థీసిస్ సమర్పణకు ముందు విద్యార్థుల కాగితాలన్నీ చూసే కమిటీలో నేను కొన్నేళ్లుగా కూర్చుంటున్నాను. కిందటి ఏడాది వేసవిలో ఒక విద్యార్థిని తన ఫోన్‌లో వచ్చిన అంగీకార పత్రాన్ని సంతోషంగా చూపించింది. నల్గొండ జిల్లా బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ మోతాదు మీద ఆమె రెండేళ్లు కష్టపడి రాసిన వ్యాసం అది. మంగళవారం రాత్రి పంపితే గురువారం ఉదయానికి అంగీకారం వచ్చింది. సమీక్షకుల వ్యాఖ్యలు రెండే రెండు వాక్యాలు: శీర్షిక బాగుందని ఒకటి, ఫాంట్ పరిమాణం 12కు మార్చమని మరొకటి. కింద 2,200 రూపాయలు చెల్లించడానికి ఒక క్యూఆర్ కోడ్, అది కూడా సంస్థ పేరు మీద కాకుండా ఎవరో వ్యక్తి పేరు మీద ఉంది. ఆ జర్నల్ తాజా సంచిక తెరిచి చూస్తే అందులో 180కి పైగా వ్యాసాలు కనిపించాయి. తేనెటీగల పెంపకం, జీఎస్టీ వసూళ్లు, అద్వైత వేదాంతం, సిమెంటులో బూడిద వాడకం, అన్నీ ఒకే సంచికలో పక్కపక్కనే ఉన్నాయి. ఈ అమ్మాయి సంగతి ఏమైందో చివర చెబుతాను.

## ముందు కొలతలు

జర్నల్‌ను ఎంచుకునేటప్పుడు మన క్యాంపస్‌లలో మొదట వినిపించే ప్రశ్న ఫీజు ఎంత అన్నది, రెండోది స్కోపస్ అనే అంతర్జాతీయ జర్నళ్ల సూచికలో ఉందా అన్నది. రెండూ అడగవలసినవే. అయితే వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ జర్నల్‌కు మన వ్యాసాన్ని కాదనగలిగే శక్తి, కాదనగలిగే మనుషులు ఉన్నారా అన్నది. ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు నిపుణులు వ్యాసాన్ని నిజంగా చదివి, లోపాలు రాసి, అవసరమైతే తిప్పి పంపగలిగితేనే దానిలో పడిన వ్యాసానికి విలువ. ఈ లెక్కన డబ్బు తీసుకోవడం దానంతట అది తప్పు కాదు, డబ్బు తీసుకోకపోవడం దానంతట అది యోగ్యతా కాదు.

రెండో కొలత మొత్తం ఖర్చు, దాన్ని ఎవరు భరిస్తారన్న సంగతి. ఏపీసీ అని అందరూ పిలిచే ప్రచురణ రుసుము వ్యాసం అంగీకరించాక వసూలు చేస్తారు. దాని మీద పన్ను, విదేశీ మారకపు ఖర్చు, పేజీలు పెరిగితే అదనపు రుసుము కూడా కలిపి చూసుకోవాలి. మూడోది సమయం. నిజమైన సమీక్షకు నెలలు పడతాయి కాబట్టి, గడువు దగ్గర పడ్డాక ఈ కొలత మిగిలిన వాటన్నిటినీ తొక్కేస్తుంది. చాలామంది తప్పటడుగు వేసేది సరిగ్గా అక్కడే.

నాలుగో కొలత, ఆ వ్యాసం లెక్కలోకి వస్తుందా అన్నది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నియమాలు మారినా అలవాట్లు మారలేదు. యూజీసీ 2016 నాటి పీహెచ్‌డీ నిబంధనలు థీసిస్‌కు ముందు కనీసం ఒక జర్నల్ వ్యాసాన్ని తప్పనిసరి చేశాయి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఆ షరతును తీసేశాయి, అయినా చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమాల్లో దాన్ని కొనసాగిస్తూనే ఉన్నాయి. కనుక మీ విశ్వవిద్యాలయం తాజా ఉత్తర్వు ఏమంటున్నదో పరిశోధన విభాగంలో అడిగి తెలుసుకోకుండా, సీనియర్లు చెప్పినదాన్ని బట్టి పరుగెత్తకండి. తప్పనిసరి కాని వ్యాసం కోసం డబ్బు పోసి పేరు చెడగొట్టుకున్న వాళ్లను చూశాను.

అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు వర్తించే 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఒక్కో వ్యాసానికి విజ్ఞాన శాస్త్రాల్లో 8, మానవీయ శాస్త్రాల్లో 10 పాయింట్లు ఇచ్చారు. దాని పైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను, అంటే జర్నల్‌లోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకెను బట్టి అదనపు పాయింట్లు ఉంటాయి. అది 1 లోపు ఉంటే 10, 1 నుంచి 2 మధ్య ఉంటే 15, ఇలా 30 దాకా పెరుగుతాయి. నకిలీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల వ్యాపారం ఎందుకు అంతగా పెరిగిందో ఈ ఒక్క పట్టిక చూస్తే అర్థమవుతుంది. అసలు నిబంధనల్లో ఆ అంకెను థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారం లెక్కించాలని స్పష్టంగా ఉంది. ఆ సేవ 2016 నుంచి క్లారివేట్ అనే సంస్థ చేతిలో ఉంది. గ్లోబల్ అనో, యూనివర్సల్ అనో, సైంటిఫిక్ అనో విశేషణాలు తగిలించి జర్నల్ ముఖపత్రం మీద అచ్చువేసిన అంకెలకు ఆ జాబితాతో ఏ సంబంధమూ లేదు.

ఇక జాబితాల సంగతి. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితాలో ఎన్నో నాసిరకం పేర్లు చొరబడ్డాయని విమర్శలు రాగా, 2018 మే నెలలో ఒక్కసారిగా 4,305 పేర్లు తొలగించారు. ఆ తర్వాత 2019లో వచ్చిన కేర్ జాబితా కొంత మెరుగే అయినా, దానిలోని జర్నళ్ల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. చివరకు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఆపేసి, జర్నల్‌ను అంచనా వేసుకోవడానికి సూచనాత్మక ప్రమాణాలు మాత్రం ఇచ్చి, నిర్ణయం విద్యాసంస్థలకు వదిలేసింది. అంటే జాబితా చూసి టిక్కు పెట్టే రోజులు పోయాయి, బాధ్యత మన మీదనే పడింది. ఈనాటికీ యూజీసీ కేర్ ముద్ర వేసుకుని వ్యాసాలు పిలిచే జర్నల్ కనిపిస్తే, ఆ ముద్రే దాని మీద మొదటి అనుమానం.

ఐదో కొలతను ఎవరూ ముందుగా అడగరు: తేడా వస్తే వ్యాసాన్ని వెనక్కి తీసుకోగలమా? ఒకచోట అచ్చయిన వ్యాసాన్ని మళ్లీ మరోచోటకు పంపకూడదన్నది ప్రచురణ నీతిలో మొదటి సూత్రం. కాబట్టి తప్పు జర్నల్‌లో పడిన వ్యాసం దాదాపు పోయినట్టే లెక్క.

## మొదటి దారి: వారంలో వేసే జర్నళ్లు

పరిభాషలో ప్రిడేటరీ, అంటే వేటాడేవి, అనే పేరున్న ఈ జర్నళ్లను మన దగ్గర ఫేక్ జర్నళ్లు, డబ్బు జర్నళ్లు అంటారు. ప్రిడేటరీ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం డెన్వర్ ప్రాంగణంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన జెఫ్రీ బీల్. ఆయన అనుమానాస్పద ప్రచురణకర్తల జాబితా ఒకటి నడిపి, 2017 జనవరిలో దాన్ని తీసేశారు. ఆ జాబితా చాలామందిని కాపాడింది. అయితే ఒక్క మనిషి తన అంచనాతో తయారుచేసిన జాబితా కావడం వల్ల, పేద దేశాల్లో తక్కువ వనరులతో నడిచే నిజాయితీ జర్నళ్లకు అన్యాయం జరిగిందన్న విమర్శ కూడా న్యాయమైనదే. 2019లో పది దేశాల నిపుణులు కూర్చుని, పాండిత్యాన్ని పక్కన పెట్టి స్వలాభం చూసుకునే, తప్పుడు సమాచారం ఇచ్చే, సంపాదకత్వపు మంచి పద్ధతులను పాటించని, పారదర్శకత లేని, విచక్షణ లేకుండా వ్యాసాల కోసం వెంటపడే సంస్థలుగా వీటిని నిర్వచించారు.

ఈ తేడా మనకు ముఖ్యం. ఒక జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాల ఏటా ఒక సంచిక తెస్తూ, వెబ్‌సైట్ సరిగా లేక, ఇంగ్లీషు తప్పులతో ఉండవచ్చు. దాని సంపాదకులు వ్యాసాలు చదివి దిద్దుతున్నారంటే అది బలహీనమైన జర్నలే తప్ప మోసపూరితమైనది కాదు. మెరిసిపోయే వెబ్‌సైట్, లండన్ చిరునామా, ముప్పై మంది విదేశీ సంపాదకుల ఫొటోలు ఉన్నదే అసలు మోసం కావచ్చు.

ఈ వ్యాపారం మన గుమ్మంలోనే ఉందన్నది కప్పిపుచ్చవలసిన సంగతి కాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరుగుతుందని అబద్ధం చెప్పడం, అడగకుండా పండితుల పేర్లు సంపాదకులుగా వేసుకోవడం, రుసుము సంగతి ముందుగా చెప్పకపోవడం, వ్యాసం వెనక్కి తీసుకుంటామంటే ఒప్పుకోకపోవడం అందులో ప్రధాన ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు కమిషన్ పక్షాన తీర్పిచ్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. 2015లో వెలువడిన ఒక అధ్యయనం ఈ తరహా జర్నళ్లు 2014 నాటికి 8,000 దాకా చురుగ్గా ఉన్నాయని, ఆ ఒక్క ఏడాది 4,20,000 వ్యాసాలు వేశాయని, సగటు రుసుము 178 డాలర్లని అంచనా కట్టింది. వాటి రచయితల్లో అత్యధికులు ఆసియా, ఆఫ్రికా ఖండాల వారే.

ఇప్పుడు కొలతలతో పోల్చి చూద్దాం. కాదనే శక్తి శూన్యం, ఎందుకంటే ప్రతి తిరస్కరణా వాళ్లకు పోయిన ఆదాయమే. డబ్బు తక్కువ, సమయం మరీ తక్కువ. ఈ రెండే ఎర. లెక్కలోకి వస్తుందా అంటే, ఇవాళ రావచ్చు, పదేళ్ల తర్వాత ఇంటర్వ్యూ బోర్డులో ఎవరైనా ఆ పేరు గుర్తుపడితే మీ మిగిలిన వ్యాసాల మీద కూడా అనుమానం పడవచ్చు. పైగా ఇవి ఎప్పుడు మాయమవుతాయో తెలియదు. వెబ్‌సైట్ డొమైన్ గడువు తీరితే వ్యాసం లింకు నొక్కినప్పుడు ఇంకేదో ప్రకటన తెరుచుకుంటుంది. ఈ దారిని నేను ఎవరికీ సిఫారసు చేయను. గడువు ఒత్తిడిలో ఉన్నవాళ్లకు కూడా చేయను, ఎందుకంటే వాళ్లకు అంతకంటే మంచి ఉపాయం ఉంది. అది కింద చెబుతాను.

## రెండో దారి: రుసుము తీసుకునే పేరున్న జర్నళ్లు

ప్లాస్, బీఎంసీ వంటి ప్రచురణకర్తలు పాఠకులకు ఉచితంగా ఇచ్చి, ఖర్చును రచయిత పక్షం నుంచి రాబట్టే పద్ధతిని నిలబెట్టారు. ఈ పద్ధతిలో గట్టి సమీక్ష సాధ్యమేననీ, అయితే అన్నిచోట్లా ఉండదనీ చెప్పే సాక్ష్యం ఒకటుంది. 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలని తప్పులతో ఒక నకిలీ వ్యాసం తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపించాడు. 157 అంగీకరించాయి, 98 తిరస్కరించాయి. తిరస్కరించిన వాటిలో ప్లాస్ వన్ ఒకటి. అంగీకరించిన వాటిలో పెద్ద పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు కూడా ఉన్నాయన్నది గమనించాలి. చందా జర్నళ్లకు ఆ వ్యాసం పంపలేదు కాబట్టి, వాళ్లయితే ఏం చేసేవారో ఆ పరీక్ష చెప్పదు.

డబ్బు దగ్గర మనకు వచ్చే చిక్కు వేరు. నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్ రుసుమును 9,500 యూరోలుగా ప్రకటించినప్పుడు ప్రపంచమంతా నివ్వెరపోయింది. అంత కాకపోయినా మామూలు జర్నళ్లలో కూడా వెయ్యి నుంచి మూడు వేల డాలర్ల దాకా ఉంటుంది. చాలా ప్రచురణ సంస్థలు పేద దేశాల రచయితలకు రుసుము మాఫీ చేస్తాయి, కాని భారతదేశ ఆర్థిక వ్యవస్థ పరిమాణం వల్ల మనం సాధారణంగా ఆ జాబితాల్లోకి రాము. తలసరి ఆదాయం చూస్తే పేదలం, మొత్తం జీడీపీ చూస్తే సంపన్నులం. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత మన పరిశోధకుడికి అచ్చంగా వర్తిస్తుంది. అయినా వ్యక్తిగతంగా అడిగితే రాయితీ ఇచ్చేవాళ్లున్నారు. వ్యాసం పంపేటప్పుడే అడగాలి, అంగీకారం వచ్చాక అడిగితే చాలాచోట్ల వినరు.

ఈ దారిలో అసలు జాగ్రత్తపడవలసింది పేరున్న సంస్థల ప్రత్యేక సంచికల దగ్గర. ఇది తెలుపూ కాదు, నలుపూ కాదు. హిందావి అనే ఓపెన్ యాక్సెస్ సంస్థను 2021లో వైలీ కొనుక్కుంది. దాని ప్రత్యేక సంచికల్లోకి వ్యాసాలు తయారుచేసి అమ్మే ముఠాలు చొరబడి, సమీక్షకులుగా కూడా తమ వాళ్లనే పెట్టుకున్నాయి. ఫలితంగా 2023లో 8,000కు పైగా వ్యాసాలను ఉపసంహరించవలసి వచ్చింది, చివరకు హిందావి పేరునే వైలీ పక్కన పెట్టింది. అదే ఏడాది మార్చిలో క్లారివేట్ తన సూచికల నుంచి 50కి పైగా జర్నళ్లను తీసేసింది. వాటిలో ఎండీపీఐ సంస్థ నడిపే, ఏటా వేల వ్యాసాలు వేసే పర్యావరణ, ప్రజారోగ్య జర్నల్ కూడా ఉంది. నిజాయితీగా కష్టపడి అందులో ప్రచురించుకున్న రచయితలు రాత్రికి రాత్రి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని జర్నల్ రచయితలయ్యారు. ఎండీపీఐని ప్రిడేటరీ అనడం నా ఉద్దేశం కాదు. దాని జర్నళ్లలో మంచి సమీక్ష జరిగినవి నేనే చూశాను. కాని మీకు సంబంధం లేని ప్రత్యేక సంచికకు ఆహ్వానం వస్తే, అతిథి సంపాదకుడు ఎవరో, ఆ విషయంలో ఆయన పని ఏమిటో చూడకుండా ఒప్పుకోకండి.

## మూడో దారి: ఎవరి దగ్గరా డబ్బు తీసుకోని ఓపెన్ యాక్సెస్

దీన్ని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. పేరు కొత్తదే గాని పని పాతదే. సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లు, 1932 నుంచి వస్తున్న కరెంట్ సైన్స్, ఢిల్లీలోని ప్రభుత్వ సంస్థ సీఎస్ఐఆర్ నిస్పర్ వెలువరించే జర్నళ్లు మన దేశంలో ఈ కోవకు దగ్గరగా చెప్పుకోదగినవి. ఇలాంటి జర్నళ్లను వెతకడానికి డీఓఏజే అనే అంతర్జాతీయ సూచిక ఉంది. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆ సూచికలో ఈనాడు సగానికి పైగా జర్నళ్లు రచయిత దగ్గర రుసుము తీసుకోనివే. రుసుము లేనివి మాత్రమే చూపించే వడపోత కూడా అందులో ఉంది. ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టడమే అని మన దగ్గర బలంగా నాటుకుపోయిన అపోహ ఆ ఒక్క వడపోతతో పోతుంది.

లోపాలు లేవని కాదు. సంపాదకులు జీతం లేకుండా, తమ పాఠాల మధ్య తీరిక చేసుకుని పని చేస్తారు కాబట్టి ఆలస్యం ఎక్కువ. ఆరు నెలలకు తొలి జవాబు వస్తే సంతోషించాలి. కొన్నింటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉండదు. కొన్ని మధ్యలో విధానం మార్చి రుసుము పెట్టవచ్చు, కాబట్టి పంపే రోజున రచయితల సూచనల పేజీ మళ్లీ చదవాలి. అయినా సొంత డబ్బు లేని, తొందర లేని పరిశోధకుడికి దీనికి మించిన దారి నాకు కనిపించదు.

## నాలుగో దారి: చందా జర్నల్, దానితోపాటు సొంత ప్రతి

చందా జర్నల్‌లో రచయిత సాధారణంగా ఏమీ కట్టనక్కరలేదు. చదివేవాళ్లు తగ్గుతారన్న అభ్యంతరం ఇదివరకు బలమైనది. 2025 నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 ప్రచురణకర్తల 13,000 దాకా జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి కాబట్టి, దేశంలోపల ఆ అభ్యంతరం కొంత సన్నగిల్లింది. బయటి పాఠకుల కోసం, సమీక్ష పూర్తయి అంగీకరించిన రాతప్రతిని విశ్వవిద్యాలయ రిపాజిటరీలో, అంటే దాని ఆన్‌లైన్ భండారంలో, పెట్టుకోవచ్చు. చాలా ప్రచురణకర్తలు దీనికి అనుమతిస్తారు, కొందరు ఏడాది ఆగమంటారు. ఏ జర్నల్ ఏమంటుందో ఇదివరకు షెర్పా రోమియో అని పిలిచిన, ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్ అనే పేరున్న వెబ్‌సైట్‌లో చూడవచ్చు. భౌతికశాస్త్రం, గణితం వాళ్లకు 1991 నుంచి ఉన్న ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్ ఈ పనికి అలవాటైన చోటే.

## ఒకచోట చూస్తే

| కొలత | వారంలో వేసేవి | రుసుము తీసుకునే పేరున్నవి | రుసుము లేని ఓపెన్ యాక్సెస్ | చందా జర్నల్, సొంత ప్రతి |
|---|---|---|---|---|
| నిజమైన సమీక్ష | ఉండదు | ఉంటుంది, ప్రత్యేక సంచికల్లో జాగ్రత్త | ఉంటుంది | ఉంటుంది |
| రచయితకు ఖర్చు | వేలల్లో | తరచు లక్షకు పైగా | లేదు | సాధారణంగా లేదు |
| తొలి జవాబుకు సమయం | రోజులు | కొన్ని వారాల నుంచి నెలలు | తరచు నెలలు | నెలలు |
| పదోన్నతిలో విలువ | ప్రమాదకరం | ఎక్కువ | జర్నల్‌ను బట్టి | ఎక్కువ |
| ఎవరైనా చదవగలరా | నిలిచి ఉన్నన్నాళ్లు | చదవగలరు | చదవగలరు | సొంత ప్రతి పెడితేనే |
| వెనక్కి తీసుకునే వీలు | దాదాపు లేదు | అచ్చుకు ముందు ఉంది | అచ్చుకు ముందు ఉంది | అచ్చుకు ముందు ఉంది |

## ఎవరికి ఏది

గడువు తరుముతున్న పీహెచ్‌డీ విద్యార్థి ముందుగా తన విశ్వవిద్యాలయ నియమంలో అచ్చయిన వ్యాసం అన్నారా, అంగీకార పత్రం చాలన్నారా చూడాలి. అంగీకారం చాలంటే, వేగంగా స్పందించే మంచి చందా జర్నల్ ఒకదానికి పంపి, ఆలస్యమైతే గడువు పొడిగింపు అడగడమే మేలు. పొడిగింపు దరఖాస్తు అవమానమేమీ కాదు. ఆరు నెలల ఆలస్యం జీవితంలో ఎవరికీ గుర్తుండదు, వ్యాసాల జాబితాలో మొదటి పేరు మాత్రం చివరిదాకా ఉంటుంది.

పదోన్నతి కోసం చూసే అధ్యాపకులు పాయింట్ల పట్టికలోని పైవరుస మీద ఆశపడి రుసుములు కట్టే ముందు, తమ విద్యాసంస్థ ఏ సూచికలను అంగీకరిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వైద్య కళాశాలల వాళ్లకు సూచికల పేర్లను నియంత్రణ సంస్థే నిబంధనల్లో చెబుతుంది కాబట్టి వాళ్ల పని కొంత తేలిక. పరిశోధన ప్రాజెక్టులో ప్రచురణ ఖర్చుకు పద్దు ఉన్నవాళ్లు రెండో దారిని నిశ్చింతగా ఎంచుకోవచ్చు. అమెరికా, ఐరోపాల్లో చదువుతున్న మన విద్యార్థులు తమ లైబ్రరీని ఒక మాట అడగాలి. అనేక విశ్వవిద్యాలయాలకు ప్రచురణకర్తలతో ఒప్పందాలుండి, రచయిత జేబులోంచి ఏమీ కట్టనవసరం లేని సందర్భాలు అక్కడ చాలా ఉన్నాయి.

తెలుగు సాహిత్యం, చరిత్ర, జానపదం మీద పనిచేసేవాళ్ల పరిస్థితి వేరు. అంతర్జాతీయ సూచికల్లో తెలుగు జర్నళ్లు దొరకడం కష్టం, కేర్ జాబితా పోయాక ఆసరా కూడా పోయింది. వీళ్లకు నా సలహా, సూచిక పేరు వదిలేసి సంపాదకవర్గాన్ని చూడమని. అందులో మీరు చదివిన పుస్తకాలు రాసినవాళ్లు ఉన్నారా, వాళ్లు నిజంగా వ్యాసాలు చూస్తున్నారా అన్నది ఈ చిన్న లోకంలో ఒక్క ఫోన్‌తో తెలిసిపోతుంది. సదస్సు రుసుముతో పాటు ఐఎస్‌బీఎన్ ఉన్న సంకలనంలో చోటిస్తామనే పిలుపులను మాత్రం సమీక్ష జరిగిన ప్రచురణగా లెక్కపెట్టకండి. ఐఎస్‌బీఎన్ పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య మాత్రమే, లోపలి సరుకుతో దానికి నిమిత్తం లేదు.

## పంపే ముందు అరగంట

ఈమెయిల్‌లో వచ్చిన లింకు మీద ఎప్పుడూ నొక్కకండి. డీఓఏజే, స్కోపస్, క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్ట్‌లలో జర్నల్ పేరుతో కాకుండా దానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌తో వెతికి, అక్కడ చూపించిన చిరునామా గుండా వెబ్‌సైట్‌కు వెళ్లండి. పేరున్న జర్నళ్ల పేరు, సంఖ్య దొంగిలించి పక్కన మరో వెబ్‌సైట్ పెట్టే హైజాక్ మోసాలు ఈ ఒక్క అలవాటుతో చాలావరకు బయటపడతాయి. ఐఎస్ఎస్ఎన్ ఉండటం, వ్యాసానికి డీఓఐ అనే గుర్తింపు సంఖ్య ఉండటం, గూగుల్ స్కాలర్‌లో కనిపించడం, ఈ మూడూ నాణ్యతకు రుజువులు కావు. మొదటి రెండూ బండికి నంబరు ప్లేటు లాంటివి, డ్రైవరుకు బండి నడపడం వచ్చో రాదో చెప్పవు. స్కోపస్‌లో ఉన్న జర్నల్ అయినా, ఈ ఏడాది కూడా ఉందా, మధ్యలో తీసేశారా అన్నది చూడండి.

తర్వాత సంపాదకవర్గం. 2017లో నేచర్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో పోలండ్ పరిశోధకులు ఆనా ఓ. షుస్ట్ అనే లేని పండితురాలిని సృష్టించి, ఏ ప్రచురణా లేని నకిలీ వివరాలతో 360 జర్నళ్లకు సంపాదకురాలిగా దరఖాస్తు చేయించారు. పోలిష్ భాషలో ఓషుస్ట్ అంటే మోసగాడు. 48 జర్నళ్లు ఆమెను నియమించుకున్నాయి. వాటిలో 40 బీల్ జాబితాలోవి, 8 డీఓఏజేలోవి. క్లారివేట్ సూచికలోని జర్నళ్లలో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. అంటే డీఓఏజే కూడా కంచుకోట కాదు. కనుక బోర్డులోని ఒకరిద్దరి విశ్వవిద్యాలయ పేజీలు తెరిచి, వాళ్లు ఆ జర్నల్ పేరు చెప్పుకున్నారో లేదో చూడండి, లేకపోతే ఒక చిన్న మెయిల్ రాసి అడగండి. చివరగా గత రెండు సంచికల నుంచి మీ విషయానికి దగ్గరగా ఉన్న వ్యాసం ఒకటి పూర్తిగా చదవండి. చదువుతున్నప్పుడు మీకే సిగ్గేస్తే, మీ వ్యాసం దాని పక్కన ఎలా ఉంటుందో ఊహించుకోండి.

## ఇప్పటికే పంపి ఉంటే

డబ్బు కట్టకముందు, కాపీరైట్ పత్రం మీద సంతకం చేయకముందు తెలుసుకుంటే సమయం మించిపోలేదు. వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నానని తేదీతో స్పష్టంగా మెయిల్ పంపి, ఆ మెయిల్, వాళ్ల జవాబులు, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఉపసంహరణ రుసుము అడిగితే కట్టకండి, భయపెట్టే మాటలకు జవాబు రాయకండి. మీ అనుమతి లేకుండా వేసేసినా, కొత్త జర్నల్ సంపాదకుడికి జరిగినదంతా ముందుగా చెప్పి, ఆ మెయిళ్లు జతచేసి పంపితే వినేవాళ్లున్నారు. దాచి పంపితే మాత్రం రెండుసార్లు ప్రచురించిన నింద మీ మీదకే వస్తుంది. మీ గైడ్ సహరచయిత అయితే ఆయనకు అదే రోజు చెప్పండి.

నల్గొండ నీళ్ల అమ్మాయి డబ్బు కట్టలేదు. మూడు మెయిళ్లు పంపాక, 1,500 రూపాయలు ఉపసంహరణ రుసుము కడితే తప్ప వదలమని జవాబు వచ్చింది. తర్వాత వాళ్లే ఊరుకున్నారు. వ్యాసాన్ని రుసుము లేని ఒక జర్నల్‌కు పంపి, గడువు పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకుంది. నాలుగు నెలలకు ఇద్దరు సమీక్షకుల నివేదికలు వచ్చాయి. వేసవిలో ఫ్లోరైడ్ పెరిగిందని మీరు రాశారు, మూడో పట్టికలో మాత్రం వానాకాలపు అంకెలే ఎక్కువగా ఉన్నాయి, ఏది నిజం అని రెండో ఆయన అడిగారు. ఫీల్డ్ నోటుపుస్తకం తీసి చూసుకుంటే, అంకెలు ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ఆ రెండు నిలువు వరుసలు తారుమారయ్యాయని తేలింది.